ఆ ఇంట్లో రెండో మనిషి

ఆరోగ్యశాఖ ఆఫీసులో ఆమెను పొగక్క అంటారు. ఎదురుగా కాదు, ఎదురుగా అయితే మేడమ్ అనే అంటారు. కానీ ప్లైవుడ్ గోడలకు మామూలు గోడలకంటే చెవులు ఎక్కువ. ఆ పేరు ఆమె దాకా ఎప్పుడో వచ్చింది. ఆమె కోపం తెచ్చుకోలేదు. ముద్దుపేరు పెట్టి పిలిచే మనుషులు ఇంట్లో ఎలాగూ లేరు, ఉచితంగా వచ్చిన పేరును కాదనడమెందుకని ఊరుకుంది.

నిజానికి ఆమె పని పొగతో కాదు. పొగయితే కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, ఎంత బద్ధకస్తుడైనా లేచి కిటికీ తీస్తాడు. ఆమె వెతికేది కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాసును. దానికి రంగు లేదు, వాసన లేదు, మొహమాటం అసలే లేదు. ఎక్కడో నిప్పు సరిగా మండక పుడుతుంది, మూసిన గదిలో చేరుతుంది, తలనొప్పి తెస్తుంది, కడుపులో తిప్పుతుంది, చివరికి నిద్ర తెస్తుంది. ఆ నిద్రలోంచి లేవని వాళ్లున్నారు.

ఊళ్లో ఉన్న ఆసుపత్రులన్నిటి ఎమర్జెన్సీ వార్డులకు ముందురోజు ఎవరెవరు వచ్చారో, ఏం బాధతో వచ్చారో, పొద్దున్నే ఆమె కంప్యూటర్‌లోకి వచ్చి పడుతుంది. కాలు విరిగినవాళ్లు, కుక్క కరిచినవాళ్లు, గుండెలో పట్టేసినవాళ్లు. వాళ్ల మధ్యలోంచి ఆ గ్యాసు తగిలినవాళ్లను ఏరుకోవాలి. ఏరడం ఎలా? తలనొప్పి అన్న మాట పట్టుకుని వెతికితే ఊరు ఊరంతా దొరుకుతుంది. తలనొప్పి లేని సంసారం ఎక్కడుంది?

అందుకని ఆమె ఒక పద్ధతి కనిపెట్టింది. జలుబు ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది, తలనొప్పి అంటుకోదు. ఒకే ఇంట్లోంచి ఇద్దరు ఒకే రోజు తలనొప్పితో వచ్చారంటే తప్పు వాళ్ల తలల్లో లేదు, ఆ ఇంటి గాలిలో ఉంది. ఇద్దరైతే ఫోన్ చెయ్యాలి, ఒక్కరైతే వదిలెయ్యాలి. అంతే పద్ధతి. ఆ పద్ధతితోనే స్నానాల గదిలో గ్యాసు హీటర్ పెట్టుకున్న కొత్త దంపతులు బతికారు. చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకున్న కుటుంబం బతికింది. పై ఆఫీసరు ఒక మీటింగులో ఆమెను మెచ్చుకున్నాడు కూడా, పేరు తప్పుగా పలికి.

ఆమె ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా అండీ?"

ఆ గొంతు జనానికి నచ్చేది. ఇలా అడిగేవాళ్లే లేరమ్మా అని కొందరు కష్టసుఖాలు కూడా చెప్పుకునేవాళ్లు. పగలంతా ఊరి ఇళ్లలోకి మాట్లాడి, సాయంత్రం ఆమె తన ఇంటికి వెళ్లేది. అక్కడ మాట్లాడేందుకు ఎవరూ ఉండరు. పెళ్లయింది, రెండేళ్లకు విడిపోయారు. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా పెద్ద కథేమీ లేదు. వంటింట్లో బల్ల, బల్లకు అటో కుర్చీ ఇటో కుర్చీ. ఒక దాంట్లో ఆమె కూర్చుంటుంది. రెండో దాంట్లో ఉతికి ఆరిన బట్టలు కూర్చుంటాయి. వాటిని మడత పెట్టాలని రోజూ అనుకుంటుంది. మడత పెడితే కుర్చీ ఖాళీగా కనబడుతుంది, అదో దిగులు.

ఆదివారం చెల్లెలు ఫోన్ చేస్తుంది. "ఎంతకాలమే అక్కా ఇలా ఒంటికాయ శొంఠికొమ్ములా" అని మొదలుపెట్టి, తన పిల్లల చదువుల దగ్గర ముగిస్తుంది. ఫోన్ పెట్టేశాక ఇల్లు ఇంకా పెద్దదైనట్టు ఉంటుంది.

చలి ముదిరిన రోజుల్లో ఒక అడ్రసు ఆమె కంటికి తగలడం మొదలైంది. ముసలాయన. ఒంటరిగా ఉంటాడు. తలనొప్పి, కళ్లు తిరగడం. మళ్లీ రెండు రోజులకు అదే మనిషి, అదే బాధ. వారం తిరక్కుండా మళ్లీ. పద్ధతి ప్రకారం ఒక్కరైతే వదిలెయ్యాలి. వదిలేసింది. కానీ ఒకే మొహాన్ని రోజూ బస్టాపులో చూస్తే పలకరించకపోయినా పరిచయం అయినట్టు ఉంటుంది కదా, అలా ఆ అడ్రసు ఆమెకు పరిచయమైంది. ఒకరోజు పద్ధతి పక్కన పెట్టి ఫోన్ చేసింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా అండీ?"

"నా ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?" అన్నాడు అవతల పెద్దాయన. "నేనూ, నా కుట్టు మిషనూ. మిషనుకు తలనొప్పి లేదు. ఉన్నా అది చెప్పే రకం కాదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆయన టైలరు. ఒకప్పుడు కోట్లు కుట్టడంలో పేరున్న మాస్టారు. ఇప్పుడు చూపు తగ్గి, చుట్టుపక్కల వాళ్ల ప్యాంట్లు పొట్టి చేసి పెడుతున్నాడు. ఆమె అడగాల్సినవన్నీ అడిగింది. వంట? వండుకోడు, క్యారేజీ వస్తుంది. టీ? కరెంటు కెటిల్. స్నానానికి నీళ్లు? కరెంటు కడ్డీ. ఇస్త్రీ? అదీ కరెంటే. ఆ ఇంట్లో అగ్గిపుల్ల కూడా లేదు. నిప్పు లేనిదే పొగ రాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. రెండో మనిషీ లేడు, నిప్పూ లేదు. ఆమె ఆ పేరును పక్కకు నెట్టేసింది.

"అయిపోయిందా అమ్మా?" అన్నాడాయన. "ఇంకేమన్నా అడగాలంటే అడగండి. నాకేం పనిలేదు."

ఆమె దగ్గర ఇంకో ప్రశ్న లేదు. ఉంటే బాగుండేదని ఫోన్ పెట్టేశాక అనిపించింది.

ఆసుపత్రిలో ఆయనకు కోటు తాతగారని పేరు. తలనొప్పితో వచ్చే మనిషి కోటు తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, తల దువ్వుకుని వస్తాడా? ఈయన వస్తాడు. ఇంటినుంచి వంతెన మీదుగా నడిచి వస్తాడు. చేరేసరికి సగం తగ్గుతుంది. బెంచీ మీద వంతు కోసం కూర్చునేసరికి మిగతా సగమూ తగ్గుతుంది. డాక్టరు చూసే సమయానికి మనిషి నిక్షేపంగా ఉంటాడు. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ భేషుగ్గా చూపిస్తుంది. బీపీ బాగుంటుంది. నర్సులతో రెండు మాటలు మాట్లాడి, ఒకరి యాప్రాన్‌కు ఊడిన కుట్టు చూపించి, వెళ్లిపోతాడు.

ఆ వార్డు హెడ్ నర్సు ఒకరోజు పొగక్కకు ఫోన్ చేసింది. ఇద్దరికీ ఏళ్లుగా ఫోన్‌లోనే స్నేహం.

"మీ లిస్టులో మా కోటు తాతగారు తెగ కనబడుతుంటారే, ఆయన సంగతి. పాపం పెద్దాయనకు జబ్బేం లేదు. మనిషి కరువు. మాట్లాడేవాళ్లు లేక వస్తున్నారు. ఇక్కడ చూస్తే మంచాలు చాలక నేల మీద పడుకోబెడుతున్నాం. నేను చెబితే కసిరినట్టుంటుంది. మీ గొంతు మెత్తన కదా, మీరో మాట చెప్పకూడదూ?"

మనిషి కరువు. ఆ మాట విన్నాక ఆమె ఇంకేం ఆలోచించలేదు. ఆలోచించకపోవడానికి కారణం, ఆ జబ్బు ఆమెకు తెలుసు. సాయంత్రాలు ఆమె తల కూడా బరువెక్కుతుంది, పొద్దున ఆఫీసుకొచ్చి నలుగురి మధ్య కూర్చుంటే తగ్గుతుంది. తనకున్నదే ఆయనకూ ఉందనుకుంది. మన జబ్బే ఎదుటివాడికీ ఉందనుకోవడం కంటే సుఖమైన వైద్యం లేదు.

ఫోన్ చేసి, ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా చెప్పింది. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఎమర్జెన్సీ అంటే ప్రాణం మీదికి వచ్చినవాళ్ల కోసం కదా. మరీ తట్టుకోలేకపోతే తప్ప..."

"అర్థమైందమ్మా" అన్నాడాయన. "నేనే తెలుసుకోవాల్సింది. పిలవని పేరంటానికి వెళ్లినట్టు రోజూ వెళ్లి కూర్చుంటున్నాను. నర్సమ్మలకు నా క్షమాపణ చెప్పండి. ఇక రాను."

అన్నమాట ప్రకారం రాలేదు. మర్నాడు లిస్టులో లేడు, ఆ మర్నాడూ లేడు. హెడ్ నర్సు ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది. పొగక్క మాత్రం పొద్దున్నే కంప్యూటర్ తెరిచి ముందుగా ఆ అడ్రసు కోసమే చూస్తోంది. కనబడకపోతే సంతోషించాలి కదా? సంతోషం రాలేదు. ఒక మనిషికి తలనొప్పి వస్తే బాగుండునని పొద్దున్నే కోరుకునే ఆడది లోకంలో తానొక్కతేనేమో అనుకుని సిగ్గుపడింది. ఆఖరికి ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"తలనొప్పి తగ్గిందా మాస్టారూ?"

"ఎక్కడమ్మా. ఉంది. కాస్త ఎక్కువే ఉంది. నిన్న మిషను దగ్గరే కూర్చుని నిద్రపోయాను, క్యారేజీ తెచ్చినతను తలుపు బాది లేపాడు." మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. "కింద లాండ్రీకి సెలవైన రోజు మాత్రం హాయిగా ఉంటుంది. చప్పుడుండదుగా, అందుకని కాబోలు."

"మరి ఆసుపత్రికి వెళ్లలేదేం?"

"మీరు వద్దన్నారుగా అమ్మా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. ఫోన్ పెట్టేసి అలాగే కూర్చుంది. పక్క సీటు గుమస్తా ఏమైందని అడిగింది. ఆ ముసలాయన్ని చూసి వస్తానంటే నోరు వెళ్లబెట్టింది.

"అక్కా, మనం ఫోన్లు చేసేవాళ్లం, ఇళ్లకు వెళ్లేవాళ్లం కాదు. ఆయన తరఫు మనుషులే పట్టించుకోకపోతే మీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"నాకే దురద" అంది పొగక్క. సగం రోజు సెలవు చీటీ బల్ల మీద పెట్టి బయల్దేరింది. ఎందుకు వెళ్తోందో ఆమెకూ సరిగా తెలియదు. గ్యాసు కోసం మాత్రం కాదు. తప్పు చేశాను, ఎదురుగా కూర్చుని చెప్పాలి అనుకుంది, అంతే.

వీధి ఇరుకు. కింద లాండ్రీ, షట్టరు బార్లా తీసి ఉంది. లోపల బాయిలర్ బుసబుసమంటోంది. పక్కనుంచి మెట్లు. పైన ఒకే గది. తలుపు తెరిచిన పెద్దాయన కోటు తొడుక్కునే ఉన్నాడు. ఫోన్ గొంతు వినగానే గుర్తుపట్టి, కంగారులో కుర్చీ మీది బట్టముక్కలన్నీ కింద పడేశాడు.

"రండమ్మా, రండి. కిటికీ తియ్యమంటారా? చలి లోపలికి కొడుతుందని గుడ్డలు కుక్కి మూశాను."

"వద్దులెండి మాస్టారూ, నాకూ చలే" అంది ఆమె. తర్వాత ఈ మాట తలుచుకుని ఎన్నిసార్లు ఒళ్లు జలదరించిందో.

గది శుభ్రంగా ఉంది. మిషను, మంచం, గోడకు ఆనించిన పెద్ద చెక్క బీరువా, కొక్కేలకు వేలాడుతున్న కోట్లు. తీసుకెళ్లనివాళ్ల కోట్లట. కొందరు మరిచిపోయారు, కొందరు పోయారు. ఆయన కెటిల్లో టీ పెట్టి ఇచ్చాడు. ఆమె క్షమాపణ చెప్పబోతే చెప్పనివ్వలేదు. ఒక్కో కోటు కథా చెప్పుకుపోయాడు. మధ్యలో ఆమెను ఎగాదిగా చూసి, "మీ కుడి భుజం వాలిందమ్మా" అన్నాడు. "ఫోను అటువైపు పట్టుకుంటారు కదూ?"

తన భుజం వంక ఇంతకాలంలో ఎవరూ చూడలేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. వెళ్లాలనిపించలేదు. కూర్చుంది. ఇంకో టీ తాగింది. ఆయన మాటలు తడబడుతున్నాయి, మధ్యమధ్య కళ్లు మూసుకుంటున్నాడు. ముసలితనం అనుకుంది. కణతల దగ్గర తన తలా బిగుస్తోంది. మధ్యాహ్నం తినలేదు, అందుకే అనుకుంది. కడుపులో తిప్పితే టీ పడలేదనుకుంది. ఎన్నో ఏళ్లుగా ఆ గ్యాసును వెతుకుతున్న మనిషి, అది తన ముక్కులోకి వెళ్తుంటే వంద కారణాలు చెప్పుకుంది, అందరూ చెప్పుకునేవే.

"తల పగిలిపోతోందమ్మా" అన్నాడు ఆయన, కుర్చీలో వెనక్కి వాలుతూ.

ఆమె నోటికి అలవాటైన మాట దానంతట అదే వచ్చింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా అండీ?"

పెద్దాయన కళ్లు తెరవకుండానే నవ్వాడు. "నా ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"

ఉన్నారు. తను ఉంది.

బల్ల పట్టుకుని లేచింది. కిటికీకి కుక్కిన గుడ్డలు లాగి పడేసింది, తలుపు తన్ని తెరిచింది. ఆయన రెండు చంకల కిందా చేతులు వేసి, "లేవండి మాస్టారూ, లేవండి, నా మాట వినండి" అంటూ లాగింది. ఆయన ఆ మత్తులో కూడా, "కోటు బొత్తాలు..." అంటున్నాడు. మెట్ల మీద సగం నడిచి సగం జారి వీధిలో పడ్డారు. లాండ్రీ యజమాని పరుగెత్తుకొచ్చాడు. బాయిలర్ ఆపండని ఆమె అరిచిన అరుపుకు, మెత్తని గొంతన్న పేరు ఆరోజుతో పోయింది.

ఫైర్ వాళ్లు గ్యాసు కొలిచే మీటరు పట్టుకుని పైకెళ్లి, ఎంత వేగంగా వెళ్లారో అంత వేగంగా దిగి, ముసుగులు పెట్టుకుని మళ్లీ ఎక్కారు. చెక్క బీరువా జరిపి చూస్తే సంగతి బయటపడింది. లాండ్రీ బాయిలర్ గొట్టం ఆ గోడలోంచే పైకి పోతుంది. బీరువా వెనక దాని అతుకు విడిపోయి ఉంది. కింద షట్టరు రోజంతా తెరిచే ఉంటుంది గనక లాండ్రీలో ఎవరికీ ఏమీ కాలేదు. యజమాని గొట్టం వేసినవాణ్ణి తిట్టాడు, అతను ఇంటి ఓనర్ని, ఓనరు చలికాలాన్ని. తిలాపాపం తలా పిడికెడు. తన పిడికెడు ఎంతో పొగక్కకు తెలుసు, ఆమె ఎవర్నీ తిట్టలేదు.

ఈసారి బెంచీ మీద కూర్చోబెట్టకుండా వెంటనే రక్తం తీశారు. ఇద్దరి రక్తంలోనూ ఆ గ్యాసు దొరికింది, ఆయన రక్తంలో ఆమెకంటే ఎంతో ఎక్కువ. వేలికి పెట్టే క్లిప్పుకు ఆ గ్యాసుకూ ఆక్సిజన్‌కూ తేడా తెలియదు, అందుకే ఇన్నాళ్లూ భేషుగ్గా చూపించింది. ఇంకో రెండు రోజులు అలాగే ఉంటే క్యారేజీ అతను ఎంత బాదినా తలుపు తెరుచుకునేది కాదని డాక్టరు చెప్పాడు. హెడ్ నర్సు వచ్చి పెద్దాయన మాస్కు సరిచేసి, కోటు తీసి హ్యాంగరుకు తగిలించింది.

మర్నాడు పొద్దున ఆమె ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఫోన్ మోగింది. పక్క సీటు గుమస్తా.

"నమస్తే అండీ, ఆరోగ్యశాఖ నుంచి. నిన్న మీ ఇంట్లోంచి ఇద్దరు ఒకే బాధతో..." అని ఆగిపోయింది. "అక్కా? మీ నంబరేంటి ఇక్కడ? అంబులెన్సు వాళ్లు ఇద్దరికీ ఒకే అడ్రసు రాశారు. ఒకే ఇంట్లో ఇద్దరు అని వచ్చింది."

"అవును, ఇద్దరం" అంది పొగక్క. ఇన్నేళ్లలో ఏ లెక్కలోనూ ఆమెను ఒక ఇంట్లో ఇంకొకరితో కలిపి రాయలేదు.

ఆఫీసుకు వెళ్లాక ఆమె తన పద్ధతి మార్చింది. ఒక్కరైనా వదలకూడదు. ఒంటరిగా ఉండేవాళ్లను వేరే మాట అడగాలి. "ఈమధ్య మీ ఇంటికి ఎవరైనా వచ్చి కాసేపు కూర్చున్నారా అండీ? వాళ్లకేమైనా తల నొప్పెట్టిందా?" ఎవరూ రాలేదంటే మీటరుతో మనిషిని పంపాలి. కాగితం మీద మంచి ప్రశ్నే. అడగడం మొదలుపెట్టాక తెలిసింది దాని బరువు. ఎవరూ రారండీ. ఎవరొస్తారమ్మా. మా ఆయన పోయినప్పుడు వచ్చారు. కరెంటు మీటరు చూసే అతను వచ్చాడు గానీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఒకావిడ చాలాసేపు ఆలోచించి, "కూర్చోవడమా?" అని తిరిగి అడిగింది. పొగక్క రోజంతా ఆ జవాబులే విని సాయంత్రం ఇంటికెళ్లేది. వంటింట్లో తన కుర్చీలో కూర్చుని, రెండో కుర్చీ మీది బట్టల వైపు చూసేది. ఆ ప్రశ్న తననే ఎవరైనా అడిగితే? ఆమె తల ఇప్పటికీ సాయంత్రాలు బరువెక్కుతూనే ఉంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. కోటు తాతగారు. బొత్తాలన్నీ పెట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో నిలబడ్డాడు. చేతిలో కొలత టేపు.

"మీరు మా ఇంటికొచ్చి చూశారు. నేను మీ ఇంటికి రావద్దూ?" అన్నాడు. "మీరూ ఒక్కరే ఉంటారని నర్సమ్మ చెప్పింది."

ఆమె గబగబా లోపలికెళ్లి రెండో కుర్చీ మీది బట్టలు ఒక్క ఊపులో ఎత్తి మంచం మీద పడేసింది. ఆయన కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది, దానికీ అలవాటు తప్పింది. ఆమె టీకి నీళ్లు పెట్టి, ఇటు తిరక్కుండానే అడిగింది.

"తలేమైనా నొప్పిగా ఉందా మాస్టారూ?"

పెద్దాయన గదంతా ఒకసారి కలయజూసి, కోటు పై బొత్తాం విప్పుకుని వెనక్కి వాలాడు.

"ఇప్పుడే ఎలా తెలుస్తుందమ్మా? కాసేపు కూర్చోవాలి" అన్నాడు.

ఆమె ఇంకో కప్పు నీళ్లు పోసింది.